ఓటములెరిగిన నౌకాధిపతి: విలియం బెయిన్‌బ్రిడ్జ్

మన చరిత్ర గ్రంథాలలో సర్ థామస్ హిస్లప్ పేరు ఒక్క సందర్భంలోనే ప్రముఖంగా కనిపిస్తుంది. 1817 డిసెంబరు 21వ తేదీన మాళవదేశంలోని మహీద్‌పూర్ వద్ద హోల్కర్ సైన్యాన్ని ఓడించిన ఆంగ్ల సేనకు అతడు అధిపతి. హైదరాబాదు నిజాము ఖర్చుతో పోషింపబడిన రస్సెల్ బ్రిగేడ్ సైతం ఆనాడు అతని పక్షాన పోరాడింది. ఈ సేనాని అంతకు అయిదేళ్ల పూర్వమే బొంబాయి సేనాధిపత్యం స్వీకరించడానికి ఓడ ఎక్కి, బ్రెజిల్ తీరం సమీపాన ఒక అమెరికన్ నౌకాధిపతి చేతికి ఖైదీగా చిక్కి, తిరిగి ఇంగ్లండు దారి పట్టిన సంగతి మాత్రం మనలో పెక్కుమందికి తెలియదు. ఆ నౌకాధిపతి పేరు విలియం బెయిన్‌బ్రిడ్జ్.

ఆ విజయం వల్లనే ఆయన పేరు అమెరికాలో నేటికీ నిలిచి ఉంది. కాని ఆయన జీవితంలో విశేషం ఆ విజయం కాదు. ఆ రోజుకు ముందు ఆయన రెండు పర్యాయాలు తన నౌకపై జెండాను తానే దించి శత్రువుకు లొంగిపోయాడు. మరొక పర్యాయం పరాయి ప్రభువు జెండాను తన ఓడ కొయ్యపై ఎగురవేసుకొని, అతని పనివానివలె ప్రయాణం చేశాడు. ఇన్ని పరాభవాలు చూసిన అధికారిని ఒక కొత్త రాజ్యం తన శ్రేష్ఠమైన యుద్ధనౌకకు అధిపతిగా ఎట్లా నియమించిందన్నది ఆలోచించవలసిన విషయం.

బెయిన్‌బ్రిడ్జ్ 1774 మే 7వ తేదీన న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి అబ్సలోమ్ వైద్యుడు. అమెరికన్ వలసలు ఇంగ్లండుపై తిరగబడినప్పుడు ఆ తండ్రి రాజపక్షం వహించి, ఆంగ్ల సేనలో శస్త్రవైద్యుడిగా చేరాడు. స్వాతంత్ర్యం సిద్ధించిన పిమ్మట అట్టి కుటుంబాలకు ఆ దేశంలో ఏపాటి మర్యాద మిగిలిందో ఊహించుకొనవచ్చును. బాలుడు చాలవరకు మాతామహుడైన జాన్ టేలర్ పెంపకంలో పెరిగాడు. రాజపక్షీయుని కుమారుడు గణతంత్ర రాజ్యపు నౌకాదళంలో చేరి, జీవితమంతా గౌరవం విషయంలో ఇంత సున్నితంగా ఉండడానికి ఈ బాల్యమే కొంత కారణమై ఉంటుందని నాకు తోస్తుంది.

పదిహేనేళ్లు నిండీ నిండకముందే ఆయన వర్తక నౌకలో చేరాడు. పద్దెనిమిదవ ఏట ఓడలో చెలరేగిన ఖలాసీల తిరుగుబాటును అణచడంలో కెప్టెన్‌కు అండగా నిలిచాడు. పందొమ్మిదవ ఏట తానే కెప్టెన్ అయ్యాడు. 1796లో నాలుగు ఫిరంగులు మాత్రమే ఉన్న హోప్ అనే చిన్న ఓడను నడుపుతూ, తనకు రెట్టింపు ఫిరంగులు గల ఒక ఆంగ్ల ఓడను ఎదిరించి నిలిచాడు. ఆ కాలంలో ఆంగ్ల యుద్ధనౌకలు అమెరికన్ ఓడలను ఆపి, వాటిలోని నావికులను తమవారంటూ బలవంతంగా పట్టుకొనిపోయేవి. తన ఓడనుంచి ఒకనిని అట్లా తీసుకొనిపోగా, బెయిన్‌బ్రిడ్జ్ తరువాత ఎదురుపడిన ఒక ఆంగ్ల వర్తక నౌకను ఆపి, దానినుంచి ఒకనిని దింపుకొని లెక్క సరిచేసుకొన్నాడు. మనిషి పొడవరి, బలిష్ఠుడు. కోపం ఎక్కువ, శిక్షలో కాఠిన్యం ఎక్కువ. సామాన్య నావికులు ఆయన కింద పనిచేయడానికి ఉత్సాహపడేవారు కారు. ఈ లోపాన్ని జీవిత చరిత్రలో మరుగుపరచడం న్యాయం కాదు.

1798లో అమెరికాకూ ఫ్రాన్సుకూ సముద్రంపై వైరం ముదిరింది. ప్రకటన లేని యుద్ధం అది. అప్పుడే పునర్నిర్మింపబడుతున్న నౌకాదళంలో బెయిన్‌బ్రిడ్జ్ లెఫ్టినెంటుగా చేరి, 14 ఫిరంగుల రిటాలియేషన్ అనే ఓడకు అధిపతి అయ్యాడు. ఆ ఏడాది నవంబరు 20న కరీబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ దీవి సమీపాన, దూరాన కనిపించిన రెండు పెద్ద నౌకలను ఆంగ్లేయులవని పొరబడి దగ్గరకు పోయాడు. అవి ఫ్రెంచి ఫ్రిగేట్లు, అనగా ఒక్కొక్కటి ముప్పై నలభై ఫిరంగులు మోసే వేగవంతమైన యుద్ధనౌకలు. పోరాడడం వ్యర్థమని ఆయన జెండా దించాడు. అమెరికా నౌకాదళ చరిత్రలో శత్రువుకు లొంగిన మొదటి ఓడ అదే.

అయితే అక్కడ ఒక చమత్కారం జరిగింది. మాంటెజూమా, నార్ఫోక్ అనే మరి రెండు అమెరికన్ ఓడలను ఒక ఫ్రెంచి ఫ్రిగేట్ తరుముతున్నది. వాటి బలమెంతని ఫ్రెంచి అధికారి అడుగగా, ఖైదీగా నిలబడి ఉన్న బెయిన్‌బ్రిడ్జ్ వాటి ఫిరంగుల సంఖ్యనూ బరువునూ ఎంతో పెంచి చెప్పాడు. ఆ మాట నమ్మి ఫ్రెంచివారు తమ నౌకను వెనుకకు పిలిచారు. రెండు ఓడలూ తప్పించుకొన్నాయి. ఓడిపోయిన తరువాత కూడా చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంటుందన్న ఎరుక ఆయనకు అప్పటికే ఉన్నదని ఈ ఘటన తెలుపుతున్నది.

రెండవ పరీక్ష అల్జీర్స్‌లో వచ్చింది. ఉత్తరాఫ్రికా తీరాన అల్జీర్స్, ట్యూనిస్, ట్రిపోలీ అనే మూడు రాజ్యాలు ఉస్మానీ సుల్తాను పేరిట ఉంటూ, వాస్తవానికి స్వతంత్రంగా వ్యవహరించేవి. వాటి నౌకలు కప్పం చెల్లించని దేశాల ఓడలను పట్టి, మనుషులను చెరపెట్టి, విడుదలకు సొమ్ము కోరేవి. యూరపు రాజ్యాలలో చాలా భాగం ఈ కప్పం చెల్లించాయి. కొన్ని తామే ఇట్టి చెరపట్టే వృత్తిని ఎదుటివారిపై నడిపాయి. అమెరికా 1795 సంధి ప్రకారం అల్జీర్స్‌కు ఏటా 21,600 డాలర్ల విలువగల నౌకాసామగ్రి ఇవ్వడానికి ఒప్పుకొన్నది. తమ నావికుల చెర ఘోరమని వాపోయిన ఆ దేశంలోనే లక్షలాది నల్లజాతివారు బానిసలై ఉన్నారన్నది మరువరాదు.

1800 సెప్టెంబరులో బెయిన్‌బ్రిడ్జ్, 24 ఫిరంగుల జార్జ్ వాషింగ్టన్ నౌకలో ఆ కప్పం తీసుకొని అల్జీర్స్ చేరాడు. ఓడను కోట ఫిరంగుల కిందనే లంగరు వేయవలసి వచ్చింది. సామగ్రి దిగిన వెంటనే అల్జీర్స్ పాలకుడైన డే ముస్తఫా కొత్త కోరిక కోరాడు. తన రాయబారినీ, సుల్తానుకు పంపే నజరానాలనూ ఈ ఓడలోనే కాన్‌స్టాంటినోపుల్‌కు, అనగా నేటి ఇస్తాంబుల్‌కు, చేర్చవలెనన్నాడు. కాదన్నచో ఓడ మునుగుతుంది. మధ్యధరా సముద్రంలోని అమెరికన్ వర్తక నౌకలన్నీ ప్రమాదంలో పడతాయి. పదేళ్లపాటు అక్కడే ఖైదీగా ఉండి, తరువాత అమెరికా కాన్సల్ అయిన రిచర్డ్ ఓబ్రియన్‌కు కూడా వేరే దారి కనపడలేదు. బెయిన్‌బ్రిడ్జ్ లోబడ్డాడు. ప్రధాన స్తంభంపై అల్జీర్స్ జెండా ఎగిరింది. రేవు దాటిన పిమ్మట ఆయన దానిని దింపించాడని అంటారు. కాని రేవులో చూడవలసినవారంతా అప్పటికే చూశారు.

ఆ ప్రయాణం విచిత్రమైనది. రాయబారీ, ఆయన పరివారమూ సుమారు నూరుగురు. కానుకలుగా పంపబడుతున్న నల్లజాతి బానిసలు మరొక నూరుగురు, వారిలో స్త్రీలూ పిల్లలూ ఉన్నారు. గుర్రాలు, గొర్రెలు, పశువులు, సింహాలు, పులులు, జింకలు, చిలుకలు ఉన్నాయి. వీటికి తోడు భారీ ధనరాశి. ఎదురుగాలికి ఓడ మాటిమాటికి దిశ మార్చవలసి వచ్చేది. నమాజు చేసే ప్రయాణికులకు ఖిబ్లా ఎటున్నదో తెలియక ఇబ్బంది కలిగేది. చివరకు వారిలో ఒకనిని దిక్సూచి దగ్గర నిలబెట్టి, మక్కా దిశను ఎప్పటికప్పుడు చెప్పించుకొనే ఏర్పాటు జరిగింది. ఈ ఇక్కట్లను అమెరికన్ నావికులు వేడుకగా చెప్పుకొన్నారు. కల్లోల సముద్రంలో, పశువుల నడుమ, తమవి కాని ఆజ్ఞలు వినపడే ఓడలో, నియమం తప్పక ప్రార్థన చేసిన ఆ ప్రయాణికుల నిష్ఠ మనకు వేరుగా కనిపిస్తుంది.

నవంబరులో ఓడ సుల్తాను రాజధాని చేరింది. దార్దనెల్స్ జలసంధి కోటల వద్ద అనుమతి కోసం ఆగితే రోజులు గడుస్తాయని, బెయిన్‌బ్రిడ్జ్ లంగరు వేయబోతున్నట్లు నటించి, గౌరవసూచకంగా ఫిరంగులు పేల్పించి, ఆ పొగ మాటున తెరచాపలెత్తి ముందుకు సాగిపోయాడు. ఆ రాజధాని రేవున నిలిచిన మొదటి అమెరికన్ యుద్ధనౌక అదే. యునైటెడ్ స్టేట్స్ అన్న పేరు అక్కడి రేవు అధికారులకు తెలియలేదు. కొలంబస్ కనుగొన్న కొత్త ప్రపంచం నుంచి వచ్చామని చెప్పవలసి వచ్చింది. వారి జెండాలో నక్షత్రాలు చూసి, తమ జెండాలోని నెలవంకకూ దానికీ ఏదో పొత్తు కుదిరిందని దర్బారువారు శుభంగా భావించారట.

కాలం సుల్తాన్ మూడవ సలీముది. ఆయన నౌకాసేనాధిపతి కపూదాన్ హుసేన్ పాషా ఈ యువ కెప్టెన్‌ను ఎంతో ఆదరించాడు. డే రాయబారికి మాత్రం దర్బారులో చుక్కెదురైంది. నెపోలియన్ ఈజిప్టుపై దండెత్తిన కారణంగా సుల్తాను ఫ్రాన్సుతో యుద్ధంలో ఉండగా, అల్జీర్స్ ఆ ఫ్రాన్సుతోనే సంధి చేసుకొన్నందుకు దర్బారు ఆగ్రహించింది. బెయిన్‌బ్రిడ్జ్ మాత్రం పాషా ఇచ్చిన రక్షణ ఫర్మానాతో బయలుదేరాడు.

1801 జనవరిలో తిరిగి అల్జీర్స్ చేరినప్పుడు ఆయన ఓడను కోట ఫిరంగులకు అందనంత దూరాన నిలిపాడు. తన మరొక ఆజ్ఞను నిరాకరించినందుకు డే మండిపడ్డాడు. బెయిన్‌బ్రిడ్జ్ ఫర్మానా తీసి చూపాడు. డే స్వరం ఒక్కసారిగా మారింది. సుల్తాను ఆజ్ఞననుసరించి డే ఫ్రాన్సుపై యుద్ధం ప్రకటించి, అక్కడి ఫ్రెంచివారిని వెంటనే వెడలిపొమ్మన్నాడు. వారికి ఓడ లేదు. రెండేళ్ల క్రిందట తనను చెరపట్టిన జాతికి చెందిన ఆ ఫ్రెంచి కాన్సల్‌నూ, యాభైకి పైగా స్త్రీ పురుషులనూ, పిల్లలనూ బెయిన్‌బ్రిడ్జ్ తన ఓడలోకి ఎక్కించుకొని స్పెయిన్ తీరాన సురక్షితంగా దింపాడు. ఆయన చేసిన పనులన్నిటిలో నాకు ఇది ఎక్కువ ఇష్టం. చరిత్రకారులు దీనికి రెండు మూడు వాక్యాలకు మించి కేటాయించరు.

ఇక మూడవది, అన్నిటికంటే కఠోరమైనది. 1801లో ట్రిపోలీ పాలకుడు యూసుఫ్ కరమాన్లీ పాషా, తనకు చెల్లించే సొమ్ము చాలదని అమెరికాపై యుద్ధం ప్రకటించి, కాన్సల్ ఇంటి ముందున్న జెండా కొయ్యను నరికించాడు. 1803లో కమొడోర్ ఎడ్వర్డ్ ప్రెబుల్ నాయకత్వాన వెళ్లిన దళంలో, 36 ఫిరంగుల ఫిలడెల్ఫియా ఫ్రిగేట్‌కు బెయిన్‌బ్రిడ్జ్ కెప్టెన్. తోడుగా విక్సెన్ అనే చిన్న ఓడ ఉండేది. శత్రునౌకలను వెదకడానికి ఆయన దానిని దూరంగా పంపివేశాడు. తీరం పక్కన లోతు తక్కువ నీటిలో తిరగగలిగే ఓడ అదొక్కటే. ఈ నిర్ణయానికి తరువాత ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చిందో చూడండి.

అక్టోబరు 31 ఉదయం ట్రిపోలీ రేవులోకి జారుకొంటున్న ఒక ఓడను ఫిలడెల్ఫియా తరిమింది. లోతు కొలిచే గుండుతాడు వేస్తూనే ఉన్నారు. ఎనిమిది బారల నీరు ఏడై, ఆరున్నర అయింది. ఓడ అందదని తెలిసి వెనుకకు మళ్లించే వేళకు, పటాలలో లేని రాతిదిబ్బపైకి నౌక వేగంగా ఎక్కి కూర్చున్నది. అన్ని తెరచాపలూ ఎత్తి దాటిపోదామని చూశారు, మరింత చిక్కుకొన్నది. చాపలు వెనుకకు తిప్పారు. లంగర్లు కోసివేశారు. ఫిరంగులు సముద్రంలోకి తోశారు. చివరకు ముందు స్తంభాన్నే నరికివేశారు. నౌక కదలలేదు. ఒక ప్రక్కకు ఒరిగిపోయినందున మిగిలిన ఫిరంగులు శత్రువు వైపు గురిపెట్టడానికి కూడా వీలుకాలేదు. ట్రిపోలీ ఫిరంగి పడవలు చుట్టుముట్టి దాదాపు నాలుగు గంటలు కాల్చాయి. బెయిన్‌బ్రిడ్జ్ అధికారులతో ఆలోచించి, మందుగుండు కొట్టులోకి నీరు వదిలించి, సంకేత గ్రంథాలను నాశనం చేయించి, ఓడ అడుగున రంధ్రాలు చేయించి, జెండా దించాడు. 307 మంది ఖైదీలయ్యారు. అమెరికన్ పక్షాన ఒక్కరు కూడా మరణించలేదు.

ఆ చివరి వాక్యం ఆయనను జీవితాంతం వెంటాడింది. రెండు రోజులకు గాలి మారి, సముద్రం పొంగింది. ట్రిపోలీవారు నౌకను సునాయాసంగా తేల్చుకొన్నారు. రంధ్రాలు సరిగా పడలేదు. సముద్రంలో పడిన ఫిరంగులను సైతం వెలికితీశారు. తన చెరసాల కిటికీనుంచి చూస్తే, తన నౌకే రేవులో శత్రువు జెండాతో లంగరు వేసి ఉన్నది. అంతకంటే మరణమే మేలని భార్య సుసాన్‌కు రాసిన ఉత్తరాలలో వాపోయాడు.

ఆయన చేసినది సబబేనా? ఆయన అధికారి ప్రెబుల్ కటువుగానే ఆలోచించాడు. బానిసత్వం కంటే మరణాన్ని వారందరూ ఎంచుకొని ఉంటే బాగుండేదని ప్రభుత్వానికి రాశాడు. ఒడ్డున కూర్చున్నవారు, తాము ఎక్కని ఓడలోనివారి ప్రాణాలను గురించి ఉదారంగా మాట్లాడటం ఏ దేశంలోనైనా ఉన్నదే. కాని ప్రెబుల్ ఒడ్డున కూర్చున్నవాడు కాదు, సముద్రం తెలిసినవాడు. కనుక ఆయన మాటను త్రోసిపుచ్చలేము. విక్సెన్‌ను పంపివేయడం పొరపాటు. పటం లేని నీటిలో ఆ వేగం పొరపాటు. అడుగు రంధ్రాలను స్వయంగా పరీక్షించకపోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. లొంగిపోవడం మాత్రం పొరపాటని నేను అనుకోను. కాల్చడానికి వీలులేని ఫిరంగుల ప్రక్కన 307 మందిని నిలబెట్టి చంపించి ఉంటే నౌక దక్కేది కాదు. జెండాకు గౌరవమూ పెరిగేది కాదు. పట్టుబడిన మరునాడే ఆయన కింది అధికారులు తమకు కెప్టెన్‌పై విశ్వాసం చెదరలేదని సంతకాలు చేసి ఇచ్చారు. ఆ కాగితం ఆయనకు ఊపిరి పోసింది.

చెర 19 నెలలు సాగింది. అధికారులను మొదట పూర్వపు అమెరికా కాన్సల్ నివాసంలో ఉంచారు. తరువాత కోటలోకి మార్చారు. నావికుల పాట్లు వేరు. రాళ్లు మోయడం, గోడలు కట్టడం, అరకొర తిండి, కొరడా దెబ్బలు వారి వంతు. కొందరు చెరలోనే కన్నుమూశారు. డెన్మార్క్ కాన్సల్ నికోలస్ నిస్సెన్ ఖైదీలకు పరుపులు, పుస్తకాలు, ఆహారం, ఉత్తరాలు చేరవేశాడు. ఆయనకు వారితో ఏ బంధుత్వమూ లేదు, ప్రతిఫలమూ లేదు. 1806లో అమెరికన్ కాంగ్రెసు ఆయనకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు తెలిపింది. పాషా మంత్రి సీదీ ముహమ్మద్ దగీస్ కూడా మర్యాద తప్పక ప్రవర్తించాడని ఖైదీల రచనలే చెబుతున్నాయి.

విద్యార్థులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటున్నది. ఖైదీలలో చిన్న వయసు శిక్షణాధికారులు పలువురు ఉండేవారు. బెయిన్‌బ్రిడ్జ్ తరువాతి అధికారి డేవిడ్ పోర్టర్, నిస్సెన్ తెచ్చిన పుస్తకాలతో వారికి చెరలోనే పాఠశాల నడిపాడు. గణితం, నౌకాయానం, ఫ్రెంచి భాష, చరిత్ర బోధించారు. అమెరికా నౌకాదళానికి అప్పటికి అకాడమీ అంటూ లేదు. అది 1845లో గాని ఏర్పడలేదు. ఖైదీల పాఠశాలలో కూర్చున్న కుర్రవారిలో పలువురు తరువాతి యుద్ధంలో నౌకలు నడిపారు.

బెయిన్‌బ్రిడ్జ్ కూడా చేతులు ముడుచుకొని కూర్చోలేదు. నిమ్మరసంతో రాసిన అక్షరాలు ఆరిపోతే కనిపించవు, వేడి తగిలితే పైకి వస్తాయి. సాధారణమైన ఉత్తరాల వరుసల నడుమ ఆయన ఈ విధంగా రేవులోని కోటల బలం, ఓడల స్థానం ప్రెబుల్‌కు తెలియజేశాడు. వర్తక నౌక వేషంలో ఒక ఓడను రాత్రివేళ రేవులోకి పంపి ఫిలడెల్ఫియాను తగులబెట్టవచ్చునని డిసెంబరు మాసంలోనే సూచించాడు. 1804 ఫిబ్రవరి 16 రాత్రి యువ లెఫ్టినెంటు స్టీఫెన్ డెకేటర్, ఇంట్రెపిడ్ అనే చిన్న ఓడలో వెళ్లి ఆ పని సాధించాడు. అతనివారిలో ఒక్కరూ చనిపోలేదు. డెకేటర్ పేరు ఆసేతుహిమాచలం అని మనం చెప్పుకొన్నట్లు ఆ దేశమంతటా మారుమ్రోగింది. తన నౌక తగులబడే వెలుగును చెరసాలనుంచి చూసిన బెయిన్‌బ్రిడ్జ్‌కు దక్కినది కాపలా బిగింపు మాత్రమే. ఆ ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ప్రెబుల్ పట్టణంపై ఫిరంగి దాడులు జరిపాడు. ఒకసారి స్వపక్షపు గుండే వచ్చి బెయిన్‌బ్రిడ్జ్ పడుకొన్న గది గోడను కూల్చింది. రాళ్లకింద నుంచి ఆయనను గాయాలతో పైకి తీశారు.

1805 జూన్‌లో సంధి కుదిరింది. అమెరికా 60,000 డాలర్లు చెల్లించి తనవారిని విడిపించుకొన్నది. ఆ నెలాఖరున సిరక్యూస్ రేవులో విచారణ సంఘం కూర్చున్నది. అధ్యక్షుడు కెప్టెన్ జేమ్స్ బారన్. బెయిన్‌బ్రిడ్జ్ నిర్దోషి అని సంఘం తీర్పు చెప్పింది. ఆయన స్వదేశం చేరి, చెరకాలంలో పెరిగిన అప్పులు తీర్చుకోవడానికి సెలవుపై మళ్లీ వర్తక నౌకలు నడిపాడు. జెండా గౌరవాన్ని గురించి అంతగా చెప్పుకొనే దేశం తన కెప్టెన్ కుటుంబ పోషణను గురించి అంతగా ఆలోచించలేదన్నమాట.

1812లో ఇంగ్లండుతో యుద్ధం మూడింది. ఆంగ్ల నౌకాబలం ముందు తమ కొద్దిపాటి ఫ్రిగేట్లు నిలువలేవనీ, వాటిని రేవులలో దాచి ఉంచడమే క్షేమమనీ ప్రభుత్వం తలచింది. బెయిన్‌బ్రిడ్జ్, చార్లెస్ స్టూవర్ట్ అనే మరొక కెప్టెన్ కలిసి ఈ ఆలోచనను గట్టిగా ఎదిరించారు. దాచిన ఓడవల్ల ప్రయోజనం లేదన్న వారి వాదన నెగ్గింది. ఆగస్టు 19న కెప్టెన్ ఐజాక్ హల్, కాన్‌స్టిట్యూషన్ నౌకతో ఆంగ్ల ఫ్రిగేట్ గెరియర్‌ను ఓడించాడు. సెప్టెంబరులో ఆ నౌక బెయిన్‌బ్రిడ్జ్ చేతికి వచ్చింది. విజయం తెచ్చిన కెప్టెన్‌ను ప్రేమించిన నావికులు, పరాజయాల చరిత్ర గల ఈ కఠినుని రాకకు సంతోషించలేదు.

డిసెంబరు 29 మధ్యాహ్నం, బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవుకు దూరాన, కాన్‌స్టిట్యూషన్‌కు జావా అనే ఆంగ్ల ఫ్రిగేట్ ఎదురైంది. అది హిందూదేశానికి పోతున్నది. కెప్టెన్ హెన్రీ లాంబర్ట్. ఓడలో హిస్లప్, ఆయన పరివారం ఉన్నారు. బొంబాయి ఓడల కార్ఖానాలో నిర్మాణంలో ఉన్న యుద్ధనౌకల అడుగున తొడగడానికి రాగి రేకులు ఉన్నాయి. ఆ నౌకలలో ఒకటైన కార్న్‌వాలిస్‌ను పార్సీ శిల్పాచార్యులైన వాడియా వంశంవారు టేకుతో నిర్మిస్తున్నారు. 1813లో అది నీటికి దిగింది.

పోరు రెండు గంటల ప్రాంతాన మొదలైంది. జావా వేగం ఎక్కువ. మాటిమాటికి ముందుకు దూసుకొనిపోయి, అమెరికన్ నౌక ముక్కుకో వెనుకకో అడ్డంగా వచ్చి కాల్చాలని ప్రయత్నించింది. ప్రారంభంలోనే ఒక తుపాకి గుండు బెయిన్‌బ్రిడ్జ్ తుంటిలో దిగింది. కొద్దిసేపటికి ఫిరంగి గుండు వచ్చి చుక్కాని చక్రాన్ని ముక్కలు చేసింది; దాని రాగి మేకు ఒకటి ఆయన తొడలో దూరింది. ఆయన కిందికి పోలేదు. చక్రం పోయినందున, రెండు అంతస్తుల కింద చుక్కానికి కట్టిన మోకులను మనుషులు లాగుతూ ఉంటే, పైనుంచి ఆజ్ఞను నోటినుంచి నోటికి అందించి ఓడను తిప్పారు. అట్లా నడుపుతూనే జావా స్తంభాలను ఒకదాని వెంట ఒకటి కూల్చాడు. లాంబర్ట్ రొమ్మున తుపాకి గుండు తగిలి పడిపోయాడు. తరువాత బెయిన్‌బ్రిడ్జ్ కొంత దూరం జరిగి, తెగిన తాళ్లు సవరించుకొని, మళ్లీ వచ్చి జావా ముందు అడ్డంగా నిలిచాడు. అయిదున్నర ప్రాంతాన ఆంగ్ల జెండా దిగింది. తాను రెండుసార్లు దించిన చేతులతో ఆయన ఇప్పుడు ఎదుటివారి జెండా దిగడం చూశాడు.

ఈ విజయాన్ని మరీ పెంచి చెప్పనక్కరలేదు. అమెరికన్ నౌక పెద్దది. దాని ప్రధాన ఫిరంగులు 24 పౌన్ల గుండ్లు వేసేవి, జావావి 18 పౌన్లవి. జావా నావికులలో కొత్తవారు ఎక్కువ. అయినా లాంబర్ట్ వీరోచితంగా పోరాడాడు. అమెరికన్ పక్షాన తొమ్మండుగురు అక్కడికక్కడే మరణించారు. ఆంగ్లేయులు తమ లెక్క ప్రకారం 22 మందిని కోల్పోయారు; నూరుగురికి పైగా గాయపడ్డారు. స్వదేశం దూరం కనుక, శిథిలమైన జావాను ఆయన డిసెంబరు 31న తగులబెట్టాడు. దాని చుక్కాని చక్రాన్ని మాత్రం తీసుకొని తన ఓడకు అమర్చుకొన్నాడు.

ఖైదీలను సాల్వడార్‌లో ప్రమాణంపై విడిచిపెట్టాడు. తన గాయాలు మానకున్నా, ఇద్దరు అధికారుల భుజాలపై చేతులు వేసి, మరణశయ్యపై ఉన్న లాంబర్ట్ దగ్గరకు వెళ్లి ఆయన ఖడ్గాన్ని ఆయనకే తిరిగి ఇచ్చాడు. కొద్ది రోజులకే లాంబర్ట్ కన్నుమూశాడు. ఖైదీలైన ఆంగ్లేయులపట్ల బెయిన్‌బ్రిడ్జ్ చూపిన ఆదరానికి హిస్లప్ బంగారు పిడి గల ఖడ్గం బహూకరించాడని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. చెర ఎట్లా ఉంటుందో ఎరిగినవాడు కనుక అది ఆయనకు సహజమే అయింది. ఇంగ్లండుకు మరలిన హిస్లప్, అనంతరం మద్రాసు సేనాధిపతిగా నియమితుడై మన ప్రాంతాలకు వచ్చాడు. ఆంగ్ల నౌకాశాఖ 1813లో తన ఫ్రిగేట్లను అమెరికన్ పెద్ద ఫ్రిగేట్లతో ఒంటరిగా తలపడవద్దని ఆదేశించింది.

ఆ తరువాతి ఇరవై ఏళ్లూ ఉద్యోగ వృత్తాంతమే. చార్ల్స్‌టౌన్ నౌకానిర్మాణ కేంద్రాన్ని నడిపాడు. 1815లో అల్జీర్స్‌పై పంపిన దళానికి ఆయనే పెద్ద. కాని ముందుగా బయలుదేరిన డెకేటర్ ఆయన చేరేలోపే పని ముగించి సంధి రాయించుకొన్నాడు. తాను తలవంచిన రేవులలో తలయెత్తి నిలవాలన్న కోరిక తీరలేదు. ఆ కోపంతో అయిదేళ్లు డెకేటర్‌తో మాటలు లేవు. 1820 మార్చి 22న డెకేటర్, జేమ్స్ బారన్ ద్వంద్వ యుద్ధానికి నిలిచారు. బెయిన్‌బ్రిడ్జ్ అప్పటికి కొద్దికాలం క్రిందటనే స్నేహం కలుపుకొని డెకేటర్ పక్షాన సాక్షిగా నిలిచాడు. ఎనిమిది అంగల దూరం కొలిచి ఇద్దరినీ నిలబెట్టినది ఆయనే. ఒకనాడు తనను నిర్దోషిగా ప్రకటించిన మనిషి చేతిలో, తన నౌకను తగులబెట్టిన మనిషి ఆయన కళ్లముందే కూలిపోయాడు. ఇద్దరికీ నచ్చజెప్పి ఉండవలసినవాడు చెప్పలేదని కొందరు నిందించారు. ఆ నింద పూర్తిగా అన్యాయమని నేను అనలేను.

1824 నుంచి మూడేళ్లు నౌకాదళ కమిషనర్ల మండలికి అధ్యక్షత వహించాడు. ఆ తరువాత ఆరోగ్యం క్షీణించింది. 1833 జూలై నెలాఖరున ఫిలడెల్ఫియా నగరంలో, అనగా తాను పోగొట్టుకొన్న నౌక ఏ నగరం పేరు ధరించిందో ఆ నగరంలోనే, ఆయన మరణించాడు. చివరి గంటలలో సంధి పుట్టి, పక్కమీద లేచి కూర్చుని, ఆయుధాలు తెమ్మనీ, నావికులను శత్రునౌకపైకి దూకడానికి పిలవమనీ ఆజ్ఞలిచ్చాడట. ఆ నగరపు క్రైస్ట్ చర్చి శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది. కాన్‌స్టిట్యూషన్ నౌక నేటికీ బోస్టన్ రేవులో నీటిపై తేలుతూనే ఉంది.